జెముడు కంచెకు పట్టిన దూది

కంచెకు అవతల బాలనర్సమ్మ ఏం చేస్తున్నదీ సుభద్రమ్మకు చప్పుళ్లను బట్టి తెలిసేది. రోకటిపోటు ఆగి చేట చప్పుడు మొదలైతే జొన్నలు దంచడం అయిపోయినట్టు. కోళ్లను అదిలించే గొంతు మాటిమాటికీ వినబడితే గింజలేవో ఆరబోసినట్టు. గాజుల చప్పుడు వచ్చి గొంతు రాకపోతే మొగుడు గండయ్య ఇంట్లో ఉన్నట్టు. పదిహేనేళ్ల ఇరుగుపొరుగు. రెండూ మగ్గాలున్న ఇళ్లే. పెళ్లికీ పేరంటానికీ ముందు వాకిట్లోంచి రాకపోకలుండేవి గాని, ఆ ఇంటి పెరడు ఎట్లా ఉంటుందో సుభద్రమ్మ ఏనాడూ చూడలేదు.

మధ్యనున్న నాగజెముడు కంచె అట్లాంటిది. మనిషెత్తు దాటి, ఆరు మూరల మందాన, ఎలుక కూడా ఆలోచించి దూరేటట్టు పెరిగింది. మా మామ నాటాడని సుభద్రమ్మ అనేది. మా తాత నాటాడని గండయ్య అనేవాడు. వానలు పడగానే అది రెండు దిక్కులా అరచేతులంత మట్టలు వేసేది. కొడవలికి కర్ర కట్టి ఎవరి దిక్కు వాళ్లు నరికేవాళ్లు. నరికిన మట్ట అవతల పడితే అక్కడే వేరు పోసుకునేది. దాని మీద ఏటా ఒక కొట్లాట. ఆ కొట్లాట అయితే గాని వానాకాలం వచ్చినట్టు ఉండేది కాదు.

సుభద్రమ్మకు పని అంతా ఆ కంచె దగ్గరే. మగ్గానికి ఎక్కించే ముందు పడుగు నూలును పొడుగ్గా చాపి, గంజి పెట్టి, కుంచెతో దువ్వి ఆరబెట్టాలి. చాలామంది వీధిలో చాపుకునేవాళ్లు. కాని నకిరేకల్ అంగడికి పోయే బండ్లు ఆ వీధినే పోతాయి. బండి వచ్చినప్పుడల్లా పడుగు ఎత్తి పట్టాలి, దుమ్మంతా తడి గంజికి అంటుకుంటుంది. ఆ బాధ పడలేక సుభద్రమ్మ మామ పెరట్లోనే, ఇంటిగోడ నుంచి కంచె దాకా చాపడం మొదలుపెట్టాడు. గోడ దగ్గర జంట గుంజలు, కంచె మొదట్లో జంట గుంజలు, వాటికి అడ్డకర్రలు. మూడు చీరల పడుగు సరిగ్గా పట్టేది, జానెడు కూడా మిగిలేది కాదు. కంచె దిక్కు అడ్డకర్రకు ముడి వేసేటప్పుడు ఆమె మోచేతులు గీరుకోని రోజు లేదు.

నిజాం సర్కారు లెక్కన ఫసలీ పదమూడువందల నలభై రెండు, మాఘమాసంలో ఒక పొద్దున ఆమె గంజి కుండ దింపుతుంటే అవతల కేక వినబడింది.

"నీ రంగు గోలెం పాడుగాను వదినె! కంచె నెత్తురు కక్కుతాంది!"

కేక వేసిన మనిషి అంతలోనే వీధి చుట్టు తిరిగి వచ్చింది. బాలనర్సమ్మ కుడిచెయ్యి మణికట్టు దాకా ఎర్రగా ఉంది. వెనకాల గండయ్య.

"ముల్లు గుచ్చుకున్నదా ఏంది?" అంది సుభద్రమ్మ.

"ముల్లు గుచ్చుకుంటే గింత ఎరుపా? నొప్పి లేదు, ఏం లేదు. గుడ్లు పెట్టే కోడి ఇరుక్కున్నదని మట్ట జరిపిన, గంతే. గిది నెత్తురు కాదు, నీ రంగు. నూలుకు రంగేసినప్పుడల్లా గోలెం నీళ్లు కంచె మొదట్లనే గుమ్మరిస్తవ్. తాగి తాగి లోపలిదాక ఎర్రబడ్డది. మట్టలన్ని పండిపోయి రాలుతున్నయ్. కంచెను సంపినవ్ నువ్వు."

"సంపుడు కాదు, సంపాలనే పోసింది," అన్నాడు గండయ్య. "కంచె పోతే జాగా కలుపుకోవచ్చు గద చెల్లె?"

సుభద్రమ్మ కంచె వంక చూసింది. గోలెం నీళ్లు అక్కడ పోసిన మాట నిజం. ఏళ్లుగా పోస్తున్నది. మట్టలు పసుపుబారి వేలాడుతున్నదీ నిజమే. ఆ రెంటికీ సంబంధం ఉందో లేదో ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు.

మధ్యాహ్నానికి గండయ్య కులపెద్ద ఎల్లస్వామి దగ్గరికి పోయాడు. సాయంత్రం ఆమె భర్త వెంకటరాజం కబురు మోసుకొచ్చాడు. మెత్తని మనిషి, చెడ్డ మాట చెప్పాల్సి వస్తే ముందు కండువా దులుపుకుంటాడు. రెండుసార్లు దులుపుకున్నాడు.

"బేస్తవారం పెద్దయ్య అరుగు మీద తేలుస్తరట. కంచె మనమే సంపినట్టయితే పాత కంచె జాగంత గండయ్య బావకు పోతది. కొత్త కంచె మన దిక్కు వెయ్యాలెనట."

"మన దిక్కు అంటే ఎంత?"

"నాలుగు మూరలు."

సుభద్రమ్మ పెరట్లోకి చూసింది. నాలుగు మూరలు అంటే కంచె దిక్కు గుంజలు ఎక్కడికి రావాలో కళ్లతోనే కొలిచింది.

"మూడు చీరలు పట్టయి."

"రెండే పడుతయి. లేకుంటే వీధిలకు పోవాలె." అతను "సంపినవా మరి?" అని అడిగాడు.

"నాకేం ఎరుక? పోసిన మాటైతే నిజం. పోస్తే సచ్చిందా, సచ్చేదుంటే సచ్చిందా అన్నది తెల్వాలె."

"బేస్తవారం దాక ఊకో. పోయలేదని చెప్దాం."

"నువ్వు చెప్తవా?"

వెంకటరాజం మళ్లీ కండువా దులుపుకున్నాడు.

తెల్లారి పని మానుకుని ఆమె కంచె ముందు కూర్చుంది. అంత దగ్గరగా, అంతసేపు దాన్ని చూడడం అదే మొదటిసారి. మట్టల మీద తెల్లగా దూదిలాంటిది చిన్నచిన్న ఉండలుగా అంటుకుని ఉంది. నెల రోజులుగా అది కనబడుతూనే ఉంది. పడుగును కుంచెతో దువ్వినప్పుడు లేచే నూగు ముళ్లకు అంటుకుందనుకుంది. నూలు పనిచేసే ఇంట్లో ఎక్కడ దూది కనబడ్డా ఎవరూ వంగి చూడరు.

ముళ్లు తీసే సూదితో ఒక ఉండను గీకింది. దూది కాదు, జిగురుగా సాగింది. దాని కింద నువ్వుగింజకంటే కొంచెం పెద్దది, గుండ్రంగా, నేరేడు రంగులో ఏదో ఉంది. పక్కన ఇసుకరేణువుల్లాంటివి కదులుతున్నాయి. కళ్లు చికిలించి చూసింది. కాళ్లున్నాయి. గుండ్రటిదాన్ని గోటి మీద పెట్టి నొక్కింది. గోరంతా ఎర్రబడింది.

"పురుగు," అంది పైకే.

ఎట్లాంటి ఎరుపు! దీపావళికి అంగట్లో తెచ్చిన డబ్బా రంగు మూడుసార్లు ముంచితే గాని అంత ఎరుపు రాదు. బేస్తవారం సంగతి ఆమె కాసేపు పూర్తిగా మరిచిపోయింది. కంచెనిండా రంగే, ఎవరినీ అడగనక్కరలేదు, ఎక్కడికీ పోనక్కరలేదు. కర్రపుల్లతో ఆ తెల్లటి ఉండలను గీకి గీకి ముంతెడు పోగుచేసింది. మూడురాళ్ల పొయ్యి మీద ఉడకబెట్టి, చిటికెడు పటిక వేసి, తెల్ల నూలు చిలప ఒకటి ముంచింది.

"ఏం వండుతున్నవ్ వదినె?"

ఆమె ఉలిక్కిపడి చూసింది. మట్టలు రాలిన చోట కంచెలో జానెడు సందు ఏర్పడింది. సందులో ఒక కన్ను, ముక్కుపుడక ఉన్న సగం ముక్కు.

"నీకెందుకు? బేస్తవారం చెప్త."

"చెప్పకుంటే మానె. వాసనేంది గట్ల వస్తాంది?"

"పురుగులు."

"పురుగులా!" కన్ను పెద్దదయింది. "పురుగులు వండుతున్నవా?"

"నీ చేతికంటిన నెత్తురు గిదే. గా దూది కింద పురుగులున్నయ్. మీ దిక్కు కూడ ఉంటయ్, చూస్కో."

ముక్కు మాయమైంది. అవతల గాజుల చప్పుడు, కర్రతో గీకుతున్న చప్పుడు, ఆపైన "అవ్వో!" అని చిన్న కేక. మళ్లీ కన్ను వచ్చింది.

"నిజమే. నొక్కితే పగిలింది." గొంతు తగ్గించి, "అంటిందా నూలుకు?" అని అడిగింది.

సుభద్రమ్మ కర్రతో చిలపను పైకి లేపింది. ఎండలో అది పారాణి పెట్టిన పాదంలా మెరిసింది.

"అబ్బ! జాడించు, జాడించు. నిలుస్తదో లేదో చూడు."

మొదటి జాడింపుకే గోలెంలో నీళ్లు ఎర్రబడ్డాయి. రెండోసారికి చిలప మీద ఎరుపు సగం పోయింది. మూడోసారికి మాసిన గులాబీ రంగు ఒకటి మిగిలింది.

"పాయె," అంది బాలనర్సమ్మ. ఆమె గొంతులో నిజంగానే విచారం ఉంది. అవతల గండయ్య దగ్గు వినబడగానే సందులో వెలుతురు తప్ప ఏమీ మిగలలేదు.

ఆ రాత్రి అన్నం తింటూ వెంకటరాజం, "పురుగని తేలింది గద, ఇగ ఫికర్ లేదు," అన్నాడు.

"నా రంగు నీళ్లు తాగే పురుగు ఎర్రబడ్డదేమో. గట్లయితే?"

"నువ్వు మన దిక్కు మాట్లాడుతున్నవా, గండయ్య బావ దిక్కు మాట్లాడుతున్నవా?"

"ఆయనైనా గదే అడుగుతడు. నేనే ముందు అడుగుతున్న."

రంగు నీళ్లు ఎవరూ పోయని చోట జెముడు ఎట్లా ఉందో చూడాలి. అంతే కావాలి. కాని ఆమెకు తెలిసిన కంచెలన్నీ సాలెవాళ్ల పెరళ్లలోవే, అందరూ గోలేలు ఒంపేవాళ్లే. బుధవారం పొద్దున వాకిట్లో నిలబడి ఇదే ఆలోచిస్తుంటే మేకలు తోలుకుని బిక్షమ్మ వచ్చింది. ఊరవతల ఎత్తు గడ్డ దగ్గర ఉండే మనిషి, రోజూ ఆ వీధినే పోతుంది. ఇంటి పక్క సందులోంచి కంచె కనబడితే ఆగింది.

"మీకు గిప్పుడచ్చిందా అమ్మా ఈ తెల్లది? మా గడ్డ మీద కందులు కోసేటప్పుడే వచ్చింది."

సుభద్రమ్మ మెట్టు దిగింది. "గడ్డ మీద జెముడున్నదా?"

"ఉన్నదా అంటవేంది, అంతా గదే. మేకలు ముట్టయి, మేం ముట్టం. ఇప్పుడు సగం కూలింది."

"అక్కడ రంగు నీళ్లెవరన్న పోసిండ్రా?"

బిక్షమ్మ నవ్వింది. "తాగనీకే నీళ్లు లెవ్వు. జెముడుకు రంగు నీళ్లెవలు పోస్తరమ్మా?"

"మరి ముందుగాల ఎందుకు చెప్పలేదు?"

"ఎవలడిగిండ్రు?"

సుభద్రమ్మ కొంగు నెత్తిన వేసుకుని మేకల వెంట నడిచింది. బిక్షమ్మ వాళ్ల ఇళ్లు దాటి పోవాలి. ఊరికి కోడలై వచ్చి ఇన్నేళ్లయినా ఆమె ఆ దిక్కు పోయింది లేదు. గుమ్మాల్లో ఆడవాళ్లు పని ఆపి ఆమెను చూశారు. ఆమె వాళ్ల గుమ్మాల ముందు అలుకును, గోడకు ఆనించిన చీపుర్లను చూసింది. ఒక ముసలామె, "సాలోళ్లామె మేకలు కాయనీకి వచ్చినట్టున్నది," అంటే అందరూ నవ్వారు. సుభద్రమ్మకూ నవ్వొచ్చింది.

గడ్డ మీద తెల్లబట్టలు ఆరేసినట్టుంది. జెముడంతా దూది కప్పుకుని ఉంది. కొన్ని చోట్ల మట్టలు కుళ్లి నేల మీద పరుచుకున్నాయి. ఆమె ఒక ఉండ గీకి గోటి మీద నొక్కింది. ఎరుపు. ఇంకో పొదలో ఒకటి, దూరంగా బండ వెనక ఒకటి. అన్నీ ఎరుపే. మూడు గోళ్లు ఎర్రగా పెట్టుకుని గడ్డ మీద నిలబడి ఊపిరి పీల్చుకుంది.

"రేపు పెద్దయ్య అరుగు కాడికి ఒక మట్ట పట్టుకొస్తవా బిక్షమ్మా?"

"వస్త. అరుగు మీదికి రానియ్యరు గని, వీధిలుంట."

బేస్తవారం ఎల్లస్వామి అరుగు మీద మగవాళ్లు కూర్చున్నారు, గోడవారన ఆడవాళ్లు నిలబడ్డారు. చీలిన కర్రకు తెల్లటి మట్టను గుచ్చుకుని బిక్షమ్మ వీధి మధ్యలో ఉంది. సుభద్రమ్మ ఏదీ దాచకుండా చెప్పింది. గోలెం నీళ్లు పోసిన మాట కూడా చెప్పింది. వెంకటరాజం కండువా వంక చూస్తూ కూర్చున్నాడు.

"గా మట్ట యాడిదో ఎవలికెరుక?" అన్నాడు గండయ్య. "ఈమె పెరట్లదే అటు పంపి ఇటు తెప్పిచ్చుకున్నదేమో."

"గడ్డ ఎటూ పోలేదు. పోయి చూడుండ్రి," అంది సుభద్రమ్మ.

ఎల్లస్వామి మీసం సవరించుకున్నాడు. "అంత దూరమా? అందునా ఆ ఇండ్ల నడుమకెళ్లి…"

ఎవరూ లేవలేదు. కాసేపటికి గోడవార నుంచి, "నేను పోయి చూస్త," అని వినబడింది. బాలనర్సమ్మ.

గండయ్య మెడ తిప్పాడు. "నువ్వెవల దిక్కే?"

"ఎవల దిక్కు లేను. నాకు చూడబుద్ధయితాంది."

ఆమె వీధిలోకి దిగింది. వెనక ఇంకో ఇద్దరు ఆడవాళ్లు దిగారు. ఆడవాళ్లు పోయి చూసి వచ్చి చెప్తే తను తీర్పు చెప్పడమేమిటని తోచిందేమో, ఎల్లస్వామి చెప్పులు వెతుక్కున్నాడు. పెద్దమనిషి లేచాక తక్కినవాళ్లూ లేచారు. బిక్షమ్మ ముందు నడిచింది.

గడ్డ దగ్గర ఎల్లస్వామి ఒక పొద ముందు వంగి, ఒక తెల్ల ఉండను బొటనవేలితో నలిపి, వాసన చూసి, అలవాటు చొప్పున వేలు ధోవతికి తుడుచుకున్నాడు. తెల్లటి ధోవతి మీద ఇంత ఎర్రటి గీత పడింది.

"అయ్యో, కొత్త ధోవతి!"

"పోతది పెద్దయ్యా," అంది బాలనర్సమ్మ. "నీళ్లల్ల జాడిస్తే పోతది. నూలుకే నిలువలేదు. నేను చూసిన గద."

"నువ్వెక్కడ చూసినవ్?" అన్నాడు గండయ్య.

బాలనర్సమ్మ పెదవి కరుచుకుంది. తర్వాత కంచెలో సందు ఉన్న దిక్కు చెయ్యి చూపబోయి, ఇది గడ్డ అని గుర్తొచ్చి చెయ్యి దించింది. ఎల్లస్వామి ఆమె వైపు తిరిగాడు.

"జర ఆగు గండయ్యా. అమ్మా, సుభద్రమ్మ వేసే రంగు గిట్లనే పోతదా?"

"ఆమె నేసిన ఎర్రంచు చీర ఆరేండ్లు కట్టిన పెద్దయ్యా. చీర చినిగింది గని ఎరుపు పోలేదు."

మాట నోటి నుంచి వచ్చాక గాని అది ఎవరికి పనికొచ్చిందో ఆమెకు తెలియలేదు. తెలిశాక కూడా వెనక్కి తీసుకోలేదు. ఎల్లస్వామి ధోవతి మీది గీతను ఇంకోసారి చూసుకుని, దిగి వస్తూ దారిలోనే తీర్పు చెప్పేశాడు. జాడిస్తే పోయే ఎరుపు, ఆరేళ్లయినా పోని ఎరుపు ఒకటి కావు; కంచెను మనుషులు చంపలేదు, పురుగు చంపింది. ఆరు మూరల జాగా చెరి మూడు మూరలు. నడుమ తుమ్మకంప కంచె వేసుకోవాలి.

"గా పురుగులు ముందుగాల మీ దిక్కే వాలినయ్ కావచ్చు," అన్నాడు గండయ్య, ఊళ్లోకి వచ్చేదాకా ఆగి.

ఉగాది నాటికి జెముడు మొత్తం నేలకూలింది. మిగిలిన మొదళ్లను తవ్వి కాల్చారు. ఎన్నో ఏళ్లు ఎండ తగలని నేల బూడిద రంగులో బయటపడింది. మూర ఎవరి చేతితో కొలవాలని బావలిద్దరూ ఒక పూటంతా వాదించుకున్నారు. వెంకటరాజం చెయ్యి పొట్టి, గండయ్య చెయ్యి పొడుగు. చివరికి ఎల్లస్వామి ఇంటి నుంచి కొలకర్ర తెప్పించారు. నడుము ఎత్తున తుమ్మకంప పరిచారు. దాని మీది నుంచి ఎవరి పెరడు ఏమిటో ఎవరికైనా కనబడుతుంది. బాలనర్సమ్మ పెరట్లో సొరపాదు ఉందని, రోలు మూలకు ఉందని సుభద్రమ్మ మొదటి రోజే చూసేసింది. రోలు తను అనుకున్న మూల కాదు.

ఆ వారమే కొత్త పడుగు చాపింది. గుంజలు కదపలేదు, ఉన్నచోటనే ఉంచింది. అడ్డకర్రకు ముడి వేసి, చేయి గీరుకోకుండా వెనక్కి తీసుకుంది. మూడు మూరల ఖాళీ. గుంజల వెనక్కి నడిచి వెళ్లొచ్చు. వెళ్లింది. ఇన్నేళ్లలో ఆ చివర ఎవరూ నిలబడింది లేదు. అక్కడి నుంచి తన ఇంటి గోడ, గోడ దగ్గర గంజి కుండ, కుంచె పట్టుకున్న వెంకటరాజం చిన్నగా, ఎవరో వేరేవాళ్ల ఇల్లు చూసినట్టు కనబడ్డాయి.

కంప అవతల బాలనర్సమ్మ చేట పట్టుకుని నిలబడి ఉంది. ఆమె కూడా పడుగు వంకే చూస్తున్నది.

"వదినె, ఒకటడుగుత, ఏమనుకోకు. నీ చీరలకు ఒక అంచు వదులుంటది ఎందుకు?"

"మగ్గం పాతది. గందుకే."

"మగ్గం కాదేమో. జర కూసోని చూడు. గోడ కాడ కుడి గుంజ ఇటు వాలి ఉన్నది. గా దిక్కు నూలంత కిందికి జారింది."

సుభద్రమ్మ నేల మీద కూర్చుని, ఒక కన్ను మూసి, పడుగు వెంట గోడ దాకా చూసింది. దగ్గర నిలబడితే తెలియనంత వాలు. ఇక్కడి నుంచి ఎండలో స్పష్టంగా కనబడుతున్నది. మామ పాతిన గుంజ. మగ్గాన్ని ఎన్నిసార్లు విప్పి బిగించారో, ఎంతమంది వడ్రంగులకు చూపించారో.

"గిదా!" అంది.

"ఎన్నేండ్ల సంది ఉన్నదో," అంది బాలనర్సమ్మ కంప మీదికి వంగి.

సుభద్రమ్మ లేవకుండానే ఇంటి దిక్కు కేక వేసింది. "ఇగో, కుడి దిక్కు గుంజ పైభాగం జర గోడకు నెట్టు. ఇంకొంచెం. అగో, ఎక్కువైంది."

"ఎక్కువ కాలేదు," అంది బాలనర్సమ్మ. "ఇంకో వేలెడు నెట్టుమను."